ఆటలో అబ్బే మాట: కొత్త భాషతో తొలి మూడు నెలలు

రాయగడలో మజ్జిగౌరమ్మ గుడి దారిన కొంతసేపు నిలుచున్నవారికి కనీసం నాలుగు భాషలు చెవిన పడతాయి. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన భక్తుల తెలుగు, కొట్టువారి ఒడియా, కొండ దిగి వచ్చిన కుటుంబాల కూవి, లారీ నడిపేవారి హిందీ. కొరాపుట్, జయపురం, సునాబెడ, గుణుపురం పట్టణాలలోనూ ఇంచుమించు ఇదే స్థితి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉండేది. 1992 అక్టోబరు 2న రాయగడ కొరాపుట్ నుంచి విడివడి వేరు జిల్లా అయింది. సరిహద్దులు మారినంత సులువుగా ఇళ్లలోని భాషలు మారలేదు. ఇది ఈ నేలకు సంపద. అయితే అయిదారేళ్ల పిల్లవాడు తొలిసారి తరగతి గడప దాటిన రోజున మాత్రం ఆ సంపదే అతనికి అడ్డుగోడ అవుతుంది.

ఇంట్లో తెలుగో, కూవియో, సవరయో మాట్లాడే బిడ్డకు బడిలో వినిపించే భాష వేరు. ఇంటి దగ్గర గలగలలాడే పిల్ల బడిలో వారాల తరబడి నోరు విప్పదు. ఆ మౌనాన్ని కొందరు మందబుద్ధిగా లెక్కగడతారు, కొందరు మొండితనమంటారు. రెండూ సరికావు. కొత్త భాష మధ్య నిలిచిన పసివారు చాలామంది మొదట వింటారు, పోల్చుకుంటారు, లోలోపల కూడబెట్టుకుంటారు. మాట ఆ తరువాత వస్తుంది. ఆ ఎదురుచూపు కాలంలో బడి వారితో ఎలా మెలగుతుందన్న దానిమీదనే వారు బడిలో నిలవడమో, మెల్లగా జారిపోవడమో ఆధారపడుతుంది. 2011 జనగణన నాటికి కొరాపుట్, రాయగడ జిల్లాలు రెండింటిలోనూ అక్షరాస్యులు సగానికి కొంచెం తక్కువే. దీనికి కారణాలు అనేకం: పేదరికం, దూరం, వలస. అర్థం కాని భాషలో గడిచిన తొలి సంవత్సరం కూడా వాటిలో ఒకటి.

చట్టం ఈ విషయంలో బిడ్డ పక్షానే ఉంది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సదుపాయం కల్పించడానికి ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ విభాగం బోధన వీలైనంతవరకు మాతృభాషలో సాగాలని, పిల్లలు చేతలద్వారా, అన్వేషణద్వారా నేర్చుకోవాలని నిర్దేశించింది. 2021లో కేంద్రం ప్రవేశపెట్టిన ‘విద్యా ప్రవేశ్’ ఒకటవ తరగతిలో తొలి మూడు నెలలను ఆటపాటలకే కేటాయించమంటుంది. ఒడిశా ప్రభుత్వం 2006-07లో పది ఆదివాసీ భాషలలో బహుభాషా విద్యను ఆరంభించింది. కూవి, సవర ఆ పదింటిలో ఉన్నాయి. అంతకు కొంచెం ముందు, 2004లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది భాషలలో అటువంటి ప్రయత్నమే చేసింది. ఒక విచిత్రం గమనించదగినది: కొండకు ఈవలనున్న కూవి పిల్లవాని వాచకం ఒడియా లిపిలో ఉంటే, ఆవలనున్న అతని మేనమామ కొడుకు వాచకం తెలుగు లిపిలో ఉంటుంది. మాట ఒకటే, గీత వేరు.

ఇక ఆటల సంగతి. అన్నిటికన్నా ముందు ఆడించదగినది ఆజ్ఞల ఆట. 1960లలో కాలిఫోర్నియాలోని మనస్తత్వ శాస్త్రాచార్యుడు జేమ్స్ ఆషర్ దీనిని ఒక పద్ధతిగా తీర్చిదిద్దాడు. ఆయన గమనించినది తల్లులందరికీ తెలిసిన విషయమే. పసిబిడ్డ మాట్లాడడానికి ఎన్నో నెలల ముందే ‘ఇటు రా’, ‘అది ఇయ్యి’ అన్న మాటలకు శరీరంతో బదులిస్తుంది. కొత్త భాషనూ అదే వరుసలో అందిస్తే, నోరు తెరవవలసిన భయం లేకుండా చెవి పదునెక్కుతుంది.

ఒడియా కొత్తగా నేర్చే తరగతిలో ఈ ఆట ఇలా నడుస్తుంది. ఉపాధ్యాయిని ‘బొసొ’ అంటూ తాను కూర్చుంటుంది, ‘ఉఠొ’ అంటూ లేస్తుంది. పిల్లలు ఆమెను చూసి కూర్చుంటారు, లేస్తారు. ‘ఆసొ’ అంటే రావడం, ‘జాఒ’ అంటే పోవడం, ‘దిఒ’ ఇవ్వడం, ‘నిఒ’ తీసుకోవడం. మొదటి రోజుకు ఈ ఆరు మాటలు చాలు. రెండవ రోజు ఆమె మాట పలికి కదలకుండా నిలుచుంటుంది. పిల్లలు ఇప్పుడు ఆమె శరీరాన్ని కాక మాటను నమ్ముకోవాలి. అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. మూడవ రోజు వరుస మారుస్తుంది, వేగం పెంచుతుంది, ‘లేచి వచ్చి గింజ ఇచ్చి పో’ అన్నట్లు మాటలను గొలుసు కడుతుంది. వారం తిరిగేసరికి ఎవరో ఒకరు తామే ఆజ్ఞలిస్తామని ముందుకు వస్తారు. ఎవరూ రాకుంటే మరికొన్ని రోజులు ఆగాలి గాని, పేరు పిలిచి నిలబెట్టకూడదు.

పిల్లవాడు ఆజ్ఞ ఇచ్చే దశలో మరొక సొగసైన చిక్కు ఎదురవుతుంది. ఒడియాలో ఎదుటివారిని పిలవడానికి మూడు మెట్లున్నాయి: తు, తుమె, ఆపొణొ. తోటివానికి ‘బొసొ’ చాలును. గురువుగారికి ‘బొసొంతు’ అనాలి. తెలుగు బిడ్డకు ‘కూర్చో’, ‘కూర్చోండి’ అన్న రెండు మెట్లు ముందే తెలుసు గనుక భావం కొత్త కాదు, రూపమే కొత్త. పిల్లలు తోటివారికి ఒక రూపంలో, ఉపాధ్యాయినికి మరొక రూపంలో ఆజ్ఞలిస్తారు. మర్యాద తప్పిన ఆజ్ఞ వినబడితే ఆమె చెవిటిదానిలా కదలక కూర్చుంటుంది. తరగతి నవ్వుతుంది, రూపం గుర్తుండిపోతుంది. వ్యాకరణం పేరెత్తకుండానే వ్యాకరణం జరిగిపోయింది.

శరీరావయవాల ఆట దీనికి తోడు. ఆఖి కన్ను, కానొ చెవి, నాకొ ముక్కు, హాతొ చెయ్యి. ఉపాధ్యాయుడు ముక్కు అని పలికి తన చెవిని పట్టుకుంటాడు. అతని చేతిని నమ్మినవారు మోసపోతారు, చెవిని నమ్మినవారు గెలుస్తారు. ఇక్కడ రెండు మాటల దగ్గర జాగ్రత్త పడాలి. ఒడియాలో కాలిని ‘గోడొ’ అంటారు. గోడను పట్టుకోమన్నారేమోనని తెలుగు పిల్లవాడు లేచి పరుగెత్తితే అతని తప్పేమీ లేదు. తలను సూచించే ఒడియా మాట తెలుగు చెవికి తిట్టులా వినిపిస్తుంది. ఆ మాట వచ్చే రోజున ఉపాధ్యాయుడు ముందుగానే తలను తాకి, ఏ సంకోచమూ లేకుండా పదిసార్లు పలికి దానిని మామూలు మాటగా చేసివేయాలి. దాచిపెడితే అది మైదానంలో ఒక బిడ్డను ఏడిపించే ఆయుధమవుతుంది.

ఇటువంటి కవల మాటలే ఒక మంచి ఆటకు ముడిసరుకు. తెలుగులో ‘బడి’ చదువుకునే చోటు. ఒడియాలో ‘బొడి’ వడియం. తెలుగులో ‘పని’ చేసేది. ఒడియాలో ‘పాణి’ తాగేది. ‘కాలి’ అన్నది తెలుగులో కాలికి సంబంధించినది. ఒడియాలో అదే మాట నిన్న, రేపు అన్న రెండింటికీ చెల్లుతుంది. ఒక అట్టమీద ఒక అర్థపు బొమ్మ, వెనుకవైపు మరొక అర్థపు బొమ్మ గీయాలి. తెలుగువారు ఒకవైపు చూసి పలకాలి, ఒడియావారు రెండవవైపు చూసి పలకాలి. ఇరుపక్షాలూ ఒకే మాట అనడం విని ఆశ్చర్యపోవాలి. ఈ ఆటలో నేర్చేవాడు, నేర్పేవాడు అన్న తేడా ఉండదు; ఒడియా పిల్లవాడూ అంతే కొత్త మాటలతో ఇంటికి వెళతాడు. ఈ పట్టణాల బడులలో ఇంటి భాష గల బిడ్డను ఎప్పుడూ లోపమున్నవానిగా చూసే అలవాటుకు ఇంతకన్న మెత్తని మందు లేదు.

ఉచ్చారణకు కావలసినది ఒక పలుచని కాగితం ముక్క. ఒడియాలో ‘కాలి’ వేరు, ‘ఖాలి’ వేరు, రెండవది ఖాళీ. ఇంటి తెలుగులో ఒత్తులు తరచు కరిగిపోతాయి, కాబట్టి తెలుగు పిల్లల నోట రెండూ ఒకటిగా వస్తాయి. కాగితాన్ని పెదవులకు నాలుగు వేళ్ల దూరంలో పట్టుకొని పలికిస్తే ‘ఖ’ దగ్గర అది అదురుతుంది, ‘క’ దగ్గర దాదాపు అదరదు. ‘ఫులొ’ అన్న పువ్వు మాటతో మరింత బాగా ఎగురుతుంది. ఎవరి కాగితం ఎగిరింది అన్నది పిల్లలే తేల్చుకుంటారు. ఉపాధ్యాయుడు దిద్దవలసిన అవసరమే ఉండదు. ణ, ళ అక్షరాల దగ్గర తెలుగు పిల్లలకు ఒడియా ఏమాత్రం కష్టం కాదు, రెండూ ఇరుభాషల సొత్తే. ఒడియా మాటల చివర అచ్చు నిలుస్తుంది, తెలుగులోనూ అంతే. అయితే మనం ‘అ’ అనుకునేచోట ఒడియా నోరు ‘ఒ’ వైపు గుండ్రనవుతుంది. అద్దం ముందు పెట్టి పెదవులను చూపిస్తే చాలు, వివరణ అక్కరలేదు.

అన్ని ఆటలలోనూ ఎక్కువ ఫలమిచ్చేది సంత ఆట. రాయగడ జిల్లా చాటికొనలో బుధవారం జరిగే సంతకు నియమగిరి డొంగ్రియా కొంధులు దిగివస్తారు. సంతకు పోని బిడ్డ ఈ ప్రాంతంలో అరుదు. అక్కడి మాటతీరు, బేరం, కొలత, తూకం పిల్లలకు కంఠతా తెలుసు. తెలిసిన లోకంలో తెలియని మాటను నాటడం సులువు, తెలియని లోకంలో తెలియని మాటను నాటడం మహా కష్టం. నగరాలలో అచ్చయిన పటాలలోని విమానాశ్రయం, లిఫ్టు బొమ్మలతో మొదలుపెట్టే పాఠం ఇక్కడ ఎందుకు తడబడుతుందో దీనితో అర్థమవుతుంది.

తరగతి నేలమీద సుద్దతో గళ్లు గీసి నాలుగు దుకాణాలు పెడతారు. సరుకు ఇంటినుంచే వస్తుంది: చారెడు చోళ్లు, పసుపు కొమ్ము, చింతపండు, అల్లం ముక్క, గుప్పెడు వలిసెలు. ఒడియాలో చోళ్లు మాండియా, పసుపు హొళొది, చింత తెంతుళి, అల్లం ఒదా. కొనేవాడు ఒడియాలోనే అడగాలి. అమ్మేవాడు అడిగిన మాట సరిగా విన్నాడో లేదో చేతికిచ్చిన సరుకే చెబుతుంది. పసుపు అడిగినవానికి అల్లం చేతికొస్తే తప్పు ఎవరిదన్న వాదం మొదలవుతుంది. ఆ వాదం కోసమే ఆట. ‘ఇది కాదు, అది’, ‘ఇంకొంచెం’, ‘చాలు’ అన్న మాటలు ఏ వాచకమూ నేర్పనంత గట్టిగా ఆ రెండు నిమిషాలలో అబ్బుతాయి. సరుకు లెక్కించే నెపంతో ఏకొ, దుయి, తిని, చారి, పాంచొ వస్తాయి.

లెక్క దగ్గర తెలుగు ఒక ముడి వేస్తుంది. తెలుగు నేర్చుకునే ఒడియా పిల్లవాడు ‘మూడు మనుషులు’ అంటాడు. మనం ‘ముగ్గురు’ అంటాం. అతని భాషకూ ఇటువంటి భేదం లేకపోలేదు. వస్తువులకు టి, టా చేర్చి, మనుషులకు జొణొ చేర్చి లెక్కపెట్టడం అతనికి తెలిసినదే. కాబట్టి సంతలో సరుకును ఒకరు, వచ్చిన జనాన్ని మరొకరు లెక్కించే పని పెడితే ఇరువైపులా పోలిక దానంతటదే బయటపడుతుంది. దీనికన్న గట్టి ముడి లింగానిది. ఒడియా క్రియకు ఆడ, మగ భేదం లేదు. ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అన్న తేడా పట్టుబడడానికి ఒడియా బిడ్డకు నెలలు పడుతుంది. ప్రతిసారీ ఆపి దిద్దితే అతడు కథ చెప్పడమే మానేస్తాడు. తలుపు వెనుకనుంచి ఎవరు వచ్చారో ఊహించే ఆటను అప్పుడప్పుడూ ఆడిస్తూ పోవడం మేలు.

తరగతులలో ఎక్కువగా కనిపించే ఒక ఆటను మాత్రం మార్చుకోక తప్పదు. తప్పు చెప్పినవారు పక్కకు తప్పుకోవాలి, చివరికి మిగిలినవారు గెలిచినట్లు. చూడడానికి సందడిగా ఉంటుంది గాని, లెక్క వేసి చూస్తే అన్యాయం తెలుస్తుంది. ఎవరికి భాష తక్కువ వచ్చునో వారే మొదటి నిమిషంలో బయటికి పోతారు, మిగతా ఇరవై నిమిషాలూ గోడకానుకుని కూర్చుంటారు. ముందే వచ్చినవారికి మరింత అభ్యాసం, రానివారికి శూన్యం. దీనిని తిరగవేయడం కష్టం కాదు. తప్పు చెప్పినవారు బయటికి పోకుండా, ఆజ్ఞలిచ్చేవారి పక్కకు చేరి తరువాతి మాటను వారితో కలిసి పలకాలి. అప్పుడు తప్పినవారికే ఎక్కువ మాటలు దక్కుతాయి. జట్లు కట్టినప్పుడు కూడా ఒకే ఇంటి భాష వారిని ఒక్కచోట చేర్చకుండా కలిపి వేయాలి. లేకుంటే ఆట కాస్తా తెలుగువారికీ ఒడియావారికీ పోటీగా మారుతుంది.

ఊరి ఆటలను తరగతిలోకి తెచ్చుకోవడంలో మరొక లాభముంది: నియమాలు నేర్పనక్కరలేదు. తొక్కుడుబిళ్ల గళ్లలో అంకెలకు బదులు బొమ్మలు గీసి, గెంతే ముందు ఆ మాట పలకమంటే చాలు. వామనగుంటలలో గింజ వేస్తూ లెక్కపెట్టవచ్చు. ఒడియా ఆడపిల్లలు గొంతుక్కూర్చుని ఎగురుతూ ఆడే పుచి ఆటను తెలుగు పిల్లలకు నేర్పే పని ఆ పిల్లలకే అప్పగిస్తే, నేర్పడానికి కావలసిన ఆజ్ఞలన్నీ ఒడియాలోనే వస్తాయి.

తల్లిదండ్రుల వైపునుంచి ఒక ఆక్షేపణ వినిపించడం సహజం. కూలి మానుకుని బడికి పంపితే గవ్వలాడిస్తున్నారా అని. వారి బాధ తీసివేయదగినది కాదు. పలకమీద అక్షరం కనబడితేనే చదువు సాగుతున్నట్లు వారికి రుజువు. అందుచేత రెండు వారాలకొకసారి తల్లిదండ్రులను పిలిచి సంత ఆటలో కొనుగోలుదారులుగా నిలబెట్టడం మంచిది. తమ బిడ్డ ఒడియాలో పసుపు అమ్ముతూ, చిల్లర లెక్క చెబుతూంటే వినడం కన్నా వేరే రుజువు అక్కరలేదు. ఒడియా రాని తల్లి అక్కడ ఇరుక్కుంటే బిడ్డే ఆమెకు మాట అందిస్తాడు.

ఈ నేలలో ఇంటి మాటనుంచి చదువు మొదలుపెట్టాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. గుణుపురానికి పొరుగునే ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వేంకట రామమూర్తి పంతులు (1863–1940) సవర భాషను సవరలనుంచే నేర్చుకుని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పడానికి బడులు పెట్టించి, వాచకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునేవారిలో చాలామంది ఆయనను వ్యావహారిక భాషోద్యమానికే పరిమితం చేస్తారు. నిజానికి రెండు పనులకూ మూలం ఒక్కటే: పిల్లవాని చెవికి అలవాటైన మాటకూ పుస్తకంలోని మాటకూ మధ్యనున్న దూరం. రాయగడ తెలుగు ఇంట్లో ‘చోళ్లు’ అని విన్న బిడ్డకు తెలుగు వాచకంలోని ‘రాగులు’ కూడా పరాయి మాటే. సంత ఆటలో రెండు మాటలూ చెల్లాలి.

కూవి పిల్లలు తెలుగు పిల్లల పక్కన కూర్చునే తరగతిలో ఇంకొక అవకాశముంది. కూవి ద్రావిడ భాష. గోండి, కొండ, కుయి భాషలతో పాటు తెలుగుకు దగ్గరి చుట్టం. ఇల్లు, కన్ను, చెయ్యి వంటి మాటలను పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటే ఆ చుట్టరికం వారికే వినబడుతుంది. సవర అలా కాదు, అది ముండా కుటుంబపు భాష. ఈ మూడింటి మధ్య వంతెనగా కొరాపుట్ ప్రాంతమంతటా దేశియా నడుస్తుంది. బడి దానిని అశుద్ధమైన ఒడియాగా తోసివేయకుండా, పిల్లలు వాడితే వాడనివ్వాలి.

అక్షరాలు చివరికి వస్తాయి, తొందర లేదు. ఒడియా, తెలుగు లిపులు రెండూ గుండ్రనివి. ఒడియా ‘ఠ’ అచ్చంగా ఒక సున్న. అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు. నేలమీద పెద్ద సున్న గీసి, పిల్లలు దాని అంచున నడుస్తూ ‘ఉఠొ’ అని వినబడగానే లోపలికి గెంతాలి. అది తొలి రోజు ఆజ్ఞే. ఇప్పుడు దాని నడుమ దాగిన ధ్వనికి ఒక ఆకారం దొరుకుతుంది. మరునాడు అదే సున్నను ఇసుకలో వేలితో, ఆ మరునాడు పలకమీద బలపంతో గీస్తారు.

ఉపాధ్యాయుడు ఈ మూడు నెలలూ ఒక చిన్న పుస్తకం దగ్గర ఉంచుకోవాలి. మార్కులకు కాదు. ఏ బిడ్డ ఏ ఆటలో మొదటిసారి తనంతట తాను పలికింది, ఏ భాషలో, ఎవరితో అన్నది తేదీతో రాసుకోవాలి. ఇంకా పేరెక్కని బిడ్డలెవరో పుట తిప్పి చూస్తే తెలుస్తుంది. మరునాటి సంతలో దుకాణం వారికి ఇవ్వాలి. అమ్మేవానికి మాట కన్నా ముందు చేతితో పని ఉంటుంది.